మంచు వాటా

ఆఫీసులో ఆమెను అందరూ మంచు మేడం అనేవాళ్లు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్లు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమెకూ అలవాటైపోయి, ఫోనెత్తగానే "మంచు మేడం మాట్లాడుతున్నా" అని తనే అనేది.

ఆమె పని నదిలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో లెక్కగట్టడం. నది ఆమె దేశంలో పుట్టలేదు. పై దేశపు కొండల్లో మంచు కరిగి, పాయలు పాయలుగా కలిసి, సరిహద్దు దాటి కిందికొచ్చేది. ఆ కొండల మీద ఏటా ఎంత మంచు పడుతోందో, ఎంతకాలం నిలుస్తోందో తెలియకపోతే కింద నీళ్ల లెక్క తేలదు. అది తెలియాలంటే పై దేశంవాళ్లు చెప్పాలి.

చెప్పే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆమె చదువుకునే రోజుల్లో ఒక వేసవి శిబిరంలో పాఠాలు చెప్పిన పెద్దాయన. అప్పటినుంచీ ఆమెకు ఆయన మాస్టారు, ఆయనకు ఆమె అమ్మాయ్. ఏళ్ల తరబడి సోమవారం పొద్దున్నే ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ముందు అంకెలు, తర్వాత కబుర్లు. ఆయన మోకాళ్ల నొప్పులు, మనవరాలి అల్లరి, ఆమె మేడ మీది కుండీల్లో బతికినవీ చచ్చినవీ. ఆ ఫోను పెట్టేశాక గానీ ఆమెకు వారం మొదలైనట్టుండేది కాదు.

ఆమెకు భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. అక్కావాళ్ల ఇంట్లో పైవాటాలో ఉండేది. పొద్దుటి కాఫీ తన గదిలో, సాయంత్రం భోజనం కింద వాళ్లతో. బావ విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నోరు ఊరుకునే రకం కాదు. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే అందుకునేవాడు.

"ఏమోయ్ మరదలా, ఇవాళ ఎన్ని బిందెల మంచు తూచావు?"

"మీ నోరు మూయించడానికి సరిపడా తూచాను బావా."

"అయితే చాలా తూచి ఉంటావే!" అని వంటింట్లోంచి అక్క.

రోజూ అదే హాస్యం. రోజూ ముగ్గురూ నవ్వేవాళ్లు.

పై దేశంవాళ్లు కరెంటు కోసం నదికి అడ్డంగా పెద్ద ఆనకట్ట కట్టారు. అది నిండిన రెండో ఏడుకల్లా కింద నీళ్లు తగ్గాయి. పంట కాలవలు అడుగంటాయి. టీవీల్లో అరుపులు మొదలయ్యాయి. మన నీళ్లు దొంగిలించారని ఇక్కడివాళ్లు, ఆనకట్టకేం సంబంధం లేదని అక్కడివాళ్లు. ఈ గోలలో ఆమె, మాస్టారు మాత్రం సోమవారాల్లో కూర్చుని, తగ్గిన నీళ్లలో ఏ వాటా ఎవరిదో నిదానంగా విడదీశారు. రెండేళ్లు పట్టింది. మూడింట ఒక వంతు ఆనకట్ట పాపం. మిగతా రెండు వంతులూ మంచువి. గాలి వేడెక్కి కొండల మీద మంచు తక్కువ పడుతోంది. పడ్డది కాస్తా తొందరగా కరిగి, పొలాలకు అవసరం లేని నెలల్లోనే సముద్రంలోకి పారిపోతోంది.

ఆమె ఆ లెక్క పట్టుకుని డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. డైరెక్టరు చెడ్డవాడేం కాదు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ చల్లారేదాకా కాగితాలు తిరగేశాడు.

"ఎక్కడైనా తప్పుందా సార్?"

"తప్పుంటే బాగుండేదమ్మా. బంగారంలా ఉంది. అదే నా ప్రాణం మీదికొచ్చింది." ఆయన వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చాడు. "మంచు తగ్గింది అంటాం. ఎందుకు తగ్గింది అంటారు. గాలి వేడెక్కింది అంటాం. ఎందుకు వేడెక్కింది అంటారు. పొగ వల్ల అంటాం. మరి మీరు సముద్రం ఒడ్డున కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఎందుకు కడుతున్నారు అంటారు. అప్పుడు విద్యుత్ మంత్రిగారు నన్ను పిలిచి ఏమంటారో నువ్వే చెప్పు."

"పొగ మనదొక్కళ్లదే కాదుగా సార్. ప్రపంచంలో అందరిదీ."

"అందరిదీ అన్నాక ఎవర్ని నిలదీస్తాం? ఆనకట్ట మాత్రం వాళ్లదొక్కళ్లదే."

నెల తిరక్కుండా మంచు విభాగాన్ని ఎత్తేసి, ఆనకట్ట ప్రభావాల విభాగం అని కొత్తది పెట్టారు. దానికి కొత్త కంప్యూటర్లొచ్చాయి, గుండ్రంగా తిరిగే కుర్చీలొచ్చాయి, కావలసినంత నిధులొచ్చాయి. ఆమె గదిలోని కుర్రాళ్లు ఒక్కొక్కరే మొహమాటపడుతూ వచ్చి, "ఇంట్లో ఖర్చులున్నాయి మేడం" అని చెప్పి పై అంతస్తులోని ఆ కొత్త విభాగానికి వెళ్లిపోయారు. ఆమె ఎవర్నీ తప్పు పట్టలేదు. కానీ ఖాళీ బల్లల మధ్య తన బల్ల ఒక్కటే ఉన్న గదిలో, కీబోర్డు చప్పుడు కూడా పెద్దగా వినపడేది.

అవతలి దేశంవాళ్లతో ఉత్తర ప్రత్యుత్తరాలు, ఫోన్లు కుదరవని ఆ తర్వాతే ఆదేశం వచ్చింది. నీళ్ల లెక్కలు దేశ రహస్యాలైపోయాయి. ఆఖరి సోమవారం ఆమె చెప్పకముందే మాస్టారు అందుకున్నాడు.

"మీవాళ్లూ ఆపమన్నారా?"

"ఆపమన్నారు మాస్టారూ."

"మావాళ్లకు ఉన్నట్టుండి మంచంటే ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది అమ్మాయ్. నాకు కొత్త గది కూడా ఇచ్చారు. ఎంతసేపైనా మంచు గురించి మాట్లాడొచ్చట, ఆనకట్ట పేరెత్తకూడదట. అంటే నువ్వు రెండు వంతులు దాచాలి, నేను ఒక్క వంతు దాచాలి. నా పనే తేలిక."

ఆయన నవ్వాడు. మొక్కలకు నీళ్లు పొయ్యడం మర్చిపోవద్దని చెప్పి ఆయన పెట్టేశాడు.

ఆ తర్వాత సోమవారాలు ఆమెకు గడవడం కష్టమైంది. అలవాటు కొద్దీ పొద్దున్నే ఆఫీసుకొచ్చి కూర్చునేది. చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టేసేది.

ఏడాది గడిచాక మూడో దేశం ఒకటి మధ్యవర్తిత్వానికి ముందుకొచ్చింది. ప్రతినిధుల బృందంలో ఆమె పేరు చూసి ఆమే ఆశ్చర్యపోయింది. "వాళ్లు ఆ ముసలాయన్ని తెస్తున్నారు. మన వైపూ ఆ స్థాయి మనిషి కనపడాలి కదమ్మా," అన్నాడు డైరెక్టరు. "రాసిచ్చింది చదివితే చాలు."

రాసిచ్చిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆనకట్టకు ముందు ఇన్ని నీళ్లు, ఆనకట్ట తర్వాత ఇన్ని నీళ్లు అని ఉంది, అంతే. మూడో దేశంలో జరిగిన సభలో ఆమె అది చదివింది. మాస్టారు తన కాగితం చదివాడు. అందులోనూ ఒక్క అబద్ధం లేదు. అప్పట్లో ఇంత మంచు, ఇప్పుడు ఇంత మంచు. ఆయన చాలా చిక్కిపోయాడు. కోటు భుజాల మీంచి జారుతోంది.

విరామంలో కాఫీ బల్ల దగ్గర ఎదురుపడ్డారు. ఆమె పక్కన ఒక అధికారి, ఆయన పక్కన ఒక అధికారి, పెళ్లిచూపుల్లో పెద్దల్లాగా.

"మోకాళ్లెలా ఉన్నాయి మాస్టారూ?"

"వాటికేం, ఉన్నాయి. నేనే లేను," అన్నాడాయన. "మనవరాలు ఇంజనీరింగులో చేరిందమ్మాయ్. ప్రభుత్వ ఖర్చు మీద."

అంతలో ఆయన అధికారి చక్కెర కావాలా అని అడ్డొచ్చాడు.

విరామం తర్వాత సభను నడుపుతున్న పెద్దావిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "రెండు వైపులా విన్నాను. ఒకరు ఆనకట్ట అంటున్నారు, ఒకరు మంచు అంటున్నారు. రెండూ నిజమే కావచ్చు కదా? దేనివల్ల ఎంతో ఎవరైనా విడదీసి చూశారా?"

"అటువంటి అధ్యయనమేదీ మా దృష్టికి రాలేదు," అన్నాడు ఆమె బృంద నాయకుడు. అవతలి నాయకుడూ తడుముకోకుండా అదే మాట అన్నాడు. పొద్దుటినుంచీ ఆ రెండు దేశాలకూ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క మాట మీదే.

ఆమె ధైర్యవంతురాలేం కాదు. పదిమందిలో గొంతెత్తాలంటే అరచేతులు చెమటలు పట్టే మనిషి. అయినా ఎదురుగా ఆయన కూర్చున్నాడు. వందల సోమవారాలు కళ్ల ముందు ఉన్నాయి. మైకు మీట నొక్కాక గానీ, నొక్కింది తన వేలేనని ఆమెకు తెలియలేదు.

"చూశామండీ. మేమిద్దరం కలిసి చూశాం." వాటాలు చెప్పింది. ఒక వంతు ఆనకట్టది, రెండు వంతులు మంచువి.

పెద్దావిడ మాస్టారి వైపు తిరిగింది. "నిజమేనా అండీ?"

ఆయన జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "ఆవిడ పొరబడుతున్నారు," అన్నాడు చివరికి. "ఎప్పుడో కబుర్లలో ఏవో అంకెలు అనుకుని ఉంటాం. దాన్ని అధ్యయనం అనలేం."

ఆమె మీట మళ్లీ నొక్కితే మైకు దీపం వెలగలేదు. వెనకాల ఎవరో ఆపేశారు.

సాయంత్రం లిఫ్టు దగ్గర మళ్లీ కనిపించాడు. మధ్యలో ఇద్దరు అధికారులు. ఆయన తలెత్తకుండా, "ఈ భవనంలో మెట్లు మహా ఏటవాలు అమ్మాయ్. చూసుకుని దిగు," అన్నాడు. తలుపులు మూసుకున్నాయి. అది క్షమాపణో, జాగ్రత్తో, ఉత్త మెట్ల సంగతో ఆమెకు బోధపడలేదు.

తిరిగొచ్చేసరికి టీవీల్లో ఆమె ఫోటో ఉంది. ఇంటిగుట్టు పరాయివాళ్ల ముందు పెట్టిందన్నారు. ఉద్యోగం తియ్యలేదు. నేలకింది అంతస్తులో, పాడైన నీటి మీటర్లు సరిచూసే గదికి మార్చారు. కిటికీలోంచి వచ్చేపోయేవాళ్ల కాళ్లు మాత్రమే కనపడేవి.

అది ఆమె తట్టుకోగలిగేదే. తట్టుకోలేకపోయింది ఇంట్లోది.

తిరిగొచ్చిన సాయంత్రం మెట్లు దిగుతుంటే బావ మాట వినపడలేదు. భోజనాల బల్ల దగ్గర ఆయన లేచి ఆమెకు కుర్చీ జరిపాడు. "కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు.

కూర్చోండి. ఇన్నేళ్లలో ఆయన నోట ఆమె ఆ మాట వినలేదు. తిట్టినా బాగుండేది. ఆయన తలవంచుకుని తిని, "మీరు నిదానంగా కానివ్వండి," అని లేచి వెళ్లిపోయాడు.

"కోపమా?" అంది ఆమె గిన్నెలు సర్దుతూ.

"కోపం కాదే," అంది అక్క. "పార్కులో స్నేహితులు ఏదో అన్నార్ట. ఈయన బదులు చెప్పలేక వచ్చేశాడు. అవునే, ఆ ఒక్క మాట మింగేసి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"మింగడం అయ్యేదే అక్కా. అరిగేది కాదు."

అక్క కుళాయి గట్టిగా తిప్పింది. ఆ రోజుల్లోనే ఆమె తన భోజనం పైకే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అక్క వద్దనలేదు.

చర్చలు ఇంకొన్నాళ్లు సాగి, ఒప్పందం కుదిరింది. పై దేశం కాస్త ఎక్కువ నీళ్లు వదులుతుందట. గెలిచామని ఇక్కడ, మాట నిలబెట్టుకున్నామని అక్కడ. ఒప్పందంలో మంచు అన్న మాటే లేదు. బొగ్గు కేంద్రాల్లో మొదటిదానికి పొయ్యి వెలిగించారు. మరుసటి వేసవిలో పైనుంచి నీళ్లు లెక్క ప్రకారం వదిలినా, నది ఇంకా సన్నబడింది.

ఒక ఆదివారం ఆమె బస్సెక్కి నది చూడ్డానికి వెళ్లింది. ఇన్నేళ్లు దాని లెక్కలు కట్టిందే గానీ ఒడ్డున నిలబడి చూసింది తక్కువ. రాళ్లు తేలిన ఇసుక మధ్య నీళ్లు ఓ మూలగా పోతున్నాయి. ఒక ట్యాంకరు డ్రైవరు పొడుగాటి గొట్టం నీళ్లదాకా లాగి పంపు వేస్తున్నాడు.

"ఏమ్మా, ఏమన్నా పోగొట్టుకున్నారా?" అని కేకేశాడు.

"లేదు బాబూ. నీళ్లు ఎంతున్నాయో చూస్తున్నా."

"ఏం చూస్తారు లెండి. ఏడాదికో గొట్టం ముక్క అతికించుకుంటున్నా. ఆ పైవాళ్లు ఇంకా బిగబట్టే ఉంటారు."

"వాళ్లు కొంతేనయ్యా. ఎక్కువ మంచు."

"మంచా? టీవీలో అలా చెప్పలేదే?"

ట్యాంకరు నిండాక అతనే ఆమెను బస్టాండు దాకా దింపుతానన్నాడు. ముందు సీట్లో కూర్చుని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కొండలు, మంచు, ఎండ, పొగ, నీళ్లు ముందే కరిగి పారిపోవడం. ఏడాదిగా ఎవరితోనూ ఇంత మాట్లాడలేదు. ఆగడం ఆమె తరం కాలేదు. అతను గేర్లు మారుస్తూ శ్రద్ధగానే విన్నాడు, మధ్యమధ్య "ఊఁ" అన్నాడు.

"మరైతే మా పిల్లలు పెద్దయ్యేసరికి ఎలా ఉంటుందంటారు?" అని అడిగాడు.

ఉన్నదున్నట్టు చెప్పింది. అంకెలతో సహా.

కొంతదూరం పోయాక చెయ్యి చాచి రేడియో పెట్టాడు. ఒక పాట వస్తోంది. అతను శబ్దం పెంచాడు. ఆమె చేతిసంచి ఒళ్లోకి లాక్కుని, బస్టాండు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.