నీలం పోగు తెగిన చోట

కోవిల్‌పట్టి నేతగాడు పొన్నయ్య ఒక్క వేలు చూపించి ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటినీ బాగుచేశాడు. నవ్వకండి, వినండి.

రెండువేల అయిదో సంవత్సరం. విరుదునగర్‌లో వాళ్ళక్క జానకియమ్మాళ్‌కు ఆ మధ్యాహ్నం కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది దక్కుతుందో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. ఆ లోపు అమ్మ నేసిన చీర అంచు ఒక్కసారి చూడాలని ఆమె పట్టు. చీరేమో పొన్నయ్య పెట్టెలో ఉంది. ఆ రోజే బస్సుల బంద్.

పొన్నయ్య మనవరాలు మహేశ్వరిప్రియ బ్రౌజింగ్ సెంటర్‌లో పనిచేసేది. అంచును ఫోటో తీసింది. అంత పెద్ద ఫోటోను మెయిల్ మోయదు కనుక సెంటర్ వాళ్ళ వెబ్ ఆల్బమ్‌లో పెట్టి, లింకు పంపింది. అక్కడ జానకియమ్మాళ్ కొడుకు మహేంద్రన్ ఆమెను ఇంకో సెంటర్‌లో కూర్చోబెట్టి లింకు నొక్కాడు. తెర మీద తెల్లకాగితం. మళ్ళీ పంపినా తెల్లకాగితమే.

ఫోన్లో అక్క అడిగింది. “ఏం పొన్నా, నాకే కనపడలేదా, ఎవురికీ కనపడలేదా?”

ప్రియ అదే మెయిల్ తనకు పంపుకుంది. తాత తెరకు ముక్కు ఆనించి, ఒక చోట వేలు పెట్టాడు. యాభై ఏళ్ళు మగ్గం మీద తెగిన పోగులు వెతికిన కళ్ళవి.

“పాపా, నీలం పోగు ఈడ తెగిపొయ్యుండాది సూడు.”

“అది పోగు కాదు తాతా, ఫోటో ఉన్న చోటి విలాసం.”

“ఏదైతే ఏమి? పై వరస నీలం, కింద వరస నలుపు. ఒకే పోగు నట్టనడుమ రంగు మారునా?”

ప్రియకు అర్థమైంది. విలాసం మరీ పొడవు. మెయిల్ దాన్ని వరస చివర విరిచేస్తోంది. సగం విలాసంతో ఎవరిల్లు దొరుకుతుంది? ఆ ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. లోపలి రాత ఎవరైనా విప్పి దిద్దవచ్చు. ఆమె విప్పింది. ఫోటోల పేర్లన్నీ మోసే విలాసానికి బదులు ఒక్క చిన్న అంకె చాలేలా దిద్దింది. లింకు ఒకే వరసలో ఇమిడింది. మళ్ళీ పంపింది.

మహేంద్రన్ నొక్కాడు. ఫోన్ అక్క అందుకుంది.

“పొన్నా... మూడో మామిడిపిందె తలకిందులుగా ఉండాది. నేను ఏడస్తా ఉంటే, ఒళ్ళో వేసుకునే నేసిందిరా అమ్మ.”

పొన్నయ్య చీర విప్పాడు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న అంచు. మూడో పిందె తలకిందులే. ఇన్నాళ్ళూ తాను గమనించని ఆ పిందె మీద వేలు ఆనించాడు.

ప్రియ ఆ దిద్దుబాటును సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకు పంపింది. ముఖం తెలియని ఎవరో, ఏ దేశంనుంచో, “బాగుంది, కలుపుకున్నాం” అని రాశారు. కంప్యూటర్లన్నీ అన్నానా? ఆ ఆల్బమ్ వాడేవి ఏ నాలుగు వందలో. మిగతావి ముందే బాగున్నాయి, నన్నేం చెయ్యమంటారు?

అక్కకు కన్ను దక్కింది, అది నిజం. బస్సుల బంద్ మాత్రం నేను కల్పించింది. బస్సులు ఎప్పటిలాగే నడిచాయి. పొన్నయ్యకు బస్సెక్కితే వాంతి. ఆ చీర ఇంకొకరి చేతికివ్వడు. అంత గొప్ప కళ్ళున్నవాణ్ణి కథలో వాంతి చేయించడానికి నాకు మనసొప్పలేదు.