బొట్టు పెట్టి ఆపేశారు

ల్యాబుకు రాగానే కణాలను వెచ్చగా పెంచే పెట్టె బయటి తలుపు తీసి, లోపలి అద్దం మీద అరచెయ్యి ఆనించడం రత్నమాలకు అలవాటు. దసరా సెలవయ్యాక ఆ ఉదయమూ ఆనించింది. అద్దం చల్లగా ఉంది. వెనక్కి వంగి చూస్తే స్విచ్ ఆపేసి ఉంది.

ఆయుధపూజ అయ్యాక యంత్రాలకు విశ్రాంతి ఇవ్వాలట! ఇదెవరి తెలివో దేవుడికే తెలియాలి. తలుపు మీద ‘ఆపవద్దు’ అని ఆమే పెద్దక్షరాలతో కాగితం అంటించింది. సరిగ్గా దాని మీదే పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి మరీ ఆపారు.

లోపలున్నవి ఆమె తమ్ముడు తిరుపతి కణాలు. అతనికి తలసేమియా. నెలనెలా దవాఖానలో పరాయి రక్తం ఎక్కితేనే లేచి తిరుగుతాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడు మాత్రం అతని రక్తం బాగానే ఉండేది. అప్పటి రక్తాన్ని తయారుచేసే జన్యువు అతను పుట్టాక మూతపడింది. చావలేదు. కణకేంద్రంలో దారపుండలా బిగిసిన క్రొమాటిన్ అనే జన్యుపదార్థపు చుట్టల్లో పడి ఉంది. కొత్త మందు ఆ చుట్టలను వదులు చేస్తే అది మళ్లీ పనిలో దిగుతుంది. పూజకు ముందురోజు మైక్రోస్కోపులో రత్నమాల కళ్లారా చూసింది. అక్కడొకటి ఇక్కడొకటి కణాలు ఎర్రబడుతున్నాయి. ఇన్నేళ్లు మూసుకున్నది తెరుచుకుంది! సెలవయ్యాక కొలతలు తీస్తే మందు ప్రయోగంలో తిరుపతికి చోటు ఖాయం.

ఇప్పుడు అన్నీ ముడుచుకుపోయి తేలుతున్నాయి.

మేనేజర్ జశ్వంత్ వచ్చి చూసి నుదురు తుడుచుకున్నాడు.

“మందుకి స్పందించలేదని రాసేయండి రత్నమాల గారూ. మనమే ఆపామని పైవాళ్లకి తెలిస్తే పెద్ద గొడవండి.”

“గట్ల రాస్తే మా తమ్మునికి ఇగ ఎన్నటికీ మందియ్యరు సార్.”

“ఒక్క శాంపిలే కదండీ!”

రత్నమాలకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి సీసాలు కడిగి, కణాలకు మేతపెట్టి, ఒక్కనాడూ గొంతెత్తని మనిషి ఆమె.

“ఏంది సార్, ఒక్కటేనా? గది మా తమ్ముడు! లేచినదాన్ని మీరే చంపి, లేవనే లేదని నాతోని రాయిస్తరా? సిగ్గుండాలె. నేను రాయ.”

కంప్యూటర్ ముందు కూర్చుంది. కరెంటు ఆపడంతో కణాలు చనిపోయాయని, మందు పనిచేయడం తాను చూశానని, మళ్లీ పరీక్షించాలని కొట్టింది. పూజకు ముందురోజు తీసిన ఫోటోలు జతచేసి నేరుగా పైవాళ్లకే పంపింది. జశ్వంత్ వద్దు వద్దంటూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఆమె కార్డు లాక్కుని గేటు దాటించారు. కాంట్రాక్టు మనిషికి నోటీసు కూడా దండగే కాబోలు.

రాయదుర్గం మెట్రో మెట్ల మీద తిరుపతి ఫోన్ చేశాడు.

“అక్కా, పరీక్షకు మళ్ల నా నెత్తురియ్యాల్నంట. రేపు మీ ల్యాబుకు రమ్మన్నరు. నువ్వుంటవు గదా?”

రత్నమాల రెయిలింగు పట్టుకుని నిలబడింది.

“నేనుండరా. నువ్వు పో. ఏం ఫికర్ జెయ్యకు.”

అక్కడ ల్యాబులో, మళ్లీ వెచ్చబడుతున్న పెట్టె తలుపు మీద, ఆమె అంటించిన కాగితం బొట్టుతో సహా అలాగే ఉంది.