ఖాళీ చోటు చుట్టూ

హిసానో నడక చెడ్డదని నలుగురు మగవాళ్ళు తేల్చారు. ఆమెను అడిగి తేల్చలేదు. తేల్చాక ఫోన్ చేయించారు.

ఫోన్ మోగేసరికి ఆమె బియ్యం కడుగుతోంది. మూడో నీళ్ళు. చెయ్యి తుడుచుకుని ఎత్తింది. చేసింది మినాగావా. త్సుకుబా విశ్వవిద్యాలయంలో మరమనిషికి నడక నేర్పే గదిలో పనిచేసే అమ్మాయి.

"హిసానో గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఎడమ మోకాలికి గానీ తుంటికి గానీ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"లేదే."

"చూపు?"

"సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. ఏమైందమ్మా?"

"మరమనిషి అచ్చం మీలాగే నడుస్తోంది. అదే వచ్చింది చిక్కు. ఒకసారి వచ్చి చూస్తారా?"

లోపలి గదిలోంచి భర్త యోషిహారు గొంతు వినిపించింది. "ఎవరు? ఆ బొమ్మలవాళ్ళేనా? ఇక్కడ టీ చల్లారిపోయింది."

కిందటి శరత్తులో వార్డు ఆఫీసు బోర్డు మీద ఒక కాగితం కనబడింది. ఇంటిపని అలవాటున్న స్త్రీలు కావాలి, నడవడానికి అని ఉంది అందులో. ఆమె ఇంటికొచ్చి చెబితే యోషిహారు నవ్వాడు. "నడవడానికి కూడా అనుభవం కావాలా? పిల్లి కూడా నడుస్తుంది." అయినా వెళ్ళింది. ఐదుగురిని తీసుకున్నారు. ఒంటికి అతుక్కునే నల్లబట్టలు తొడిగి, కీలుకీలుకీ తెల్లటి పూసలు అంటించారు. ఆ పెద్ద గదిలోనే ఒక ఇల్లు కట్టి ఉంది. వంటగది, నడవా, ఎనిమిది గడ్డిచాపలు పరిచిన గది, గది మధ్యలో చలికి కాళ్ళు కిందకి చాపుకునే, బొంత కప్పిన కుంపటి బల్ల, ఎదురుగా టీవీ. వంటగదిలోంచి పళ్ళెంలో టీ పట్టుకుని గదిలోకి రావాలి, వెనక్కి వెళ్ళాలి. పన్నెండు రోజులు అదే పని. వాళ్ళు చెప్పింది ఒకటే మాట. "మీ ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే నడవండి."

చుట్టూ పద్దెనిమిది కెమెరాలు ఉండేవి. ఆమె తెచ్చే టీని చూసినవాళ్ళు ఇంతకు ముందు ఉన్నారు గానీ, ఆమె నడకను చూసినవాళ్ళు లేరు. మొదటిరోజు సిగ్గేసింది. మూడో రోజుకి బావుందనిపించింది. బావుందనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

అప్పుడే ఒకరోజు మినాగావాను అడిగింది, ఈ నడకతో ఏం చేస్తారని. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది.

"దీనికి రెండు బుర్రలండీ. ఒకటి ఇంటి పటం చూసుకుని, బయల్దేరకముందే దారంతా గీసేస్తుంది. రెండోదానికి పటం తెలీదు. కాలి ముందు ఏది అడ్డొస్తే దాన్ని అప్పటికప్పుడు తప్పిస్తుంది. మొదటిదొక్కటే ఉంటే పిల్లి అడ్డొచ్చినా పడిపోతుంది. రెండోదొక్కటే ఉంటే రెండు కుర్చీల మధ్య ఇరుక్కుని అటూ ఇటూ ఊగుతూ అక్కడే ఉండిపోతుంది. అందుకని మధ్యలో ఒక తీర్పరిని పెట్టాం. ఏ క్షణాన ఎవరి మాట వినాలో అది చెప్పాలి. ఎలా చెప్పాలో మీ నడక చూసి నేర్చుకుంటుంది."

"అంటే కోడలన్నమాట," అంది హిసానో. "పొద్దున్నే అత్తగారు గీసిన దారి ఒకటి. రోజంతా కాళ్ళకి అడ్డం పడేది ఇంకొకటి."

మినాగావా పగలబడి నవ్వింది. ఆ మాట అక్కడ పనిచేసే కుర్రాళ్ళ చెవిన పడింది. అప్పటినుంచి మరమనిషికి కోడలని పేరు పెట్టేశారు.

ఇప్పుడు హిసానో కళ్ళముందే ఆ కోడలు టీ పట్టుకుని నడవా దాటింది. గదిలోకి వచ్చింది. బల్లకీ టీవీకీ మధ్య నున్నటి చాప. దానిమీద ఏమీ లేదు. కోడలు అక్కడిదాకా వచ్చి, ఎడమ తుంటి లోపలికి లాక్కుని, కొడవలిలా వంపు తిరిగి, టీవీని రాసుకుంటూ అవతలికి చేరింది. హిసానో ఊపిరి బిగబట్టి చూసింది. వీధిలో ఎదురుపడ్డ మనిషి తన బట్టలే తొడుక్కున్నట్టుంది.

కుర్రాళ్ళలో ఒకడు వెళ్ళి ఆ ఖాళీ చాపకి వంగి దణ్ణం పెట్టాడు. "ఇంటి దెయ్యంగారూ, కాస్త జరుగుదురూ. కోడలు వస్తోంది." మిగతావాళ్ళు నవ్వారు.

ఆ గదికి పెద్ద కుసునోకి ప్రొఫెసరు. చెడ్డవాడు కాదు. మరమనిషిలో ప్రతి మర పేరూ తెలుసు. నడిచిన ఐదుగురు ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ తెలీదు.

"అక్కడ ఏముందమ్మా?" అని అడిగాడు.

"ఏమీ లేదండీ."

"మరి ఎందుకు తప్పుకుంటున్నారు? నాలుగు వందల సార్లు నడిచారు. నాలుగు వందల సార్లూ ఇదే వంకర."

"తెలీదండీ." అది నిజం. ఆమెకి తెలీదు.

"శుక్రవారం దాకా చూద్దాం. కారణం తెలిస్తే సరిచేసుకుంటాం. లేకపోతే మీ నడక చెరిపేసి మా కుర్రాళ్ళ నడక పెడతాం. వాళ్ళది తిన్నగా ఉంది."

ఇంటికి వచ్చే బస్సులో ఆమెకి ఆ చెరిపేయడం అన్న మాటే గుచ్చుకుంది. ఆమె వండింది తినేశారు. ఉతికింది మళ్ళీ మాసింది. తుడిచింది మళ్ళీ దుమ్ము పట్టింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె చేసింది ఏదీ మర్నాటికి మిగల్లేదు. ఆ నడక ఒక్కటే ఒకచోట దాచి ఉంది. దాన్ని ఉంచుకోవాలనిపించింది. అంతకంటే, తన కాళ్ళకి తెలిసిన విషయమేదో తనకి తెలియకపోవడం వింతగా ఉంది. అరవై దగ్గరపడ్డాక తన ఒంట్లో తనకి తెలియని గది ఒకటుందని ఎవరో చెప్పినట్టుంది.

బుధవారం యోషిహారు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ కట్టిన ఇంట్లోలాగే తమ ఇంట్లోనూ గది మధ్యలో బల్ల, ఎదురుగా టీవీ. ఆమె పళ్ళెంలో కప్పు నిండా నీళ్ళు పోసి పట్టుకుని వంటగదిలోంచి బయల్దేరింది. గది చివరికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూసుకుంది. వంకరగానే వచ్చింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ అంతే. ఈసారి తిన్నగా వెళ్దామనుకుని, చాప మీద చూపు పెట్టి, కాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఆ చోట దిగలేదు. నిప్పు ఉందని చెప్పినట్టు పక్కకి వెళ్ళి దిగింది. నీళ్ళు ఒలికాయి. ఆమెకి నవ్వొచ్చింది. "నీకు ఎవరు చెప్పారే," అని కాలిని అడిగింది.

తడి తుడవడానికి మోకాళ్ళ మీద కూర్చుంది. కిటికీ వెలుతురు అడ్డంగా పడుతోంది. అప్పుడు చాప కనిపించింది. బల్ల వెనకనుంచి టీవీ పక్కదాకా గడ్డి అరిగి, తెల్లబారి, కొడవలి ఆకారంలో ఒక దారి. ఆ దారి లోపల, మనిషి కాళ్ళు చాపితే పట్టేంత మేర, చాప కొత్తదానిలా ఉంది. అక్కడ ఎవరూ నడవలేదు. నడవడానికి వీల్లేకపోయింది.

యోషిహారు కాళ్ళు. పెళ్ళయిన మొదటి నెలలో టీవీలో బేస్‌బాల్ వస్తుంటే ఆయన బల్ల కింద నడుము దాకా దూరి, కాళ్ళు అటువైపుకి చాపి పడుకున్నాడు. ఆమె ఊరినుంచి వచ్చిన పిల్ల, పరధ్యానంగా ఒక కాలు దాటేసింది. అత్తగారు వెనకనుంచి చూసింది. "మగాడి కాళ్ళు దాటతావా? మీ వాళ్ళు ఇదే నేర్పారా?" అని, అక్కడే కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించింది. ఆయనకి కాదు, ఆ కాళ్ళకి. ఆయన ఆట మీదనుంచి తల తిప్పలేదు. తర్వాత కడుపుతో ఎనిమిదో నెలలో, కాగుతున్న చారు గిన్నె రెండు చేతులా పట్టుకుని వచ్చి, టీవీకీ కాళ్ళకీ మధ్య పొట్ట పట్టక నిలబడిపోయింది. "ఏమండీ, కాస్త కాళ్ళు ముడుచుకోండి." "చుట్టూ చోటుందిగా," అన్నాడు. ఉంది. జానెడు. టీవీ అంచు పొట్టని గీసుకుంటూ వెళ్ళింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. పిల్లకి జ్వరమొచ్చిన రోజున తడిగుడ్డతో చుట్టూ తిరిగి వెళ్ళింది. తుఫానుకి కప్పు కారుతుంటే బక్కెట్టుతో చుట్టూ తిరిగింది. అత్తగారు పోయిన రోజున వచ్చినవాళ్ళకి టీలిస్తూ కూడా చుట్టూనే తిరిగింది. ఆయన మంచివాడని అందరూ అంటారు. ఎప్పుడూ చెయ్యెత్తలేదు. కాళ్ళు చాపాడు. అంతే.

గురువారం ఆమె వెళ్ళి మినాగావాను అడిగింది. "మిగతా నలుగురి నడకా చూపిస్తావా?"

తెర మీద ఐదు గీతలు వచ్చాయి, ఐదు రంగుల్లో. హిసానోది ఎర్రది. అందరికంటే పెద్ద వంపు దానిదే, అందుకే అది కంటపడింది. కానీ మిగతా నాలుగూ తిన్నగా లేవు. ఒకామె గుమ్మం దగ్గర సగం అడుగు ఆగి వెళ్తోంది. ఒకామె బల్లకి ఎడమవైపు పోనే పోదు. ఒకామె టీవీ ముందునుంచి గబగబా దాటేస్తోంది. ఒకామె గోడ మూలకి వీపు చూపకుండా పక్కకి నడుస్తోంది.

"ఈవిడ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది," అంది మినాగావా, ఆ చివరి గీత మీద వేలు పెట్టి. తర్వాత మెల్లిగా, "మా అమ్మని కూడా నడిపించి చూడాలనుంది," అంది.

అంతలో కుసునోకి ప్రొఫెసరు కుర్రాళ్ళతో వచ్చాడు. "తెలిసిందా అమ్మా?"

"తెలిసిందండీ. అక్కడ మా ఆయన కాళ్ళున్నాయి."

ముందు అందరూ నవ్వారు. ప్రొఫెసరు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, బొంత ఎత్తి చూసి, వదిలి, మళ్ళీ ఎత్తాడు.

"బొంత కింద కాళ్ళుంటే మా కెమెరాకి కనబడవు," అన్నాడు. "ముసలాయన పాదం బయటికి చాపేసరికి కోడలు దానిమీద అడుగేస్తే ఎముక విరుగుతుంది. కుర్రాళ్ళ నడక పెడితే అదే జరిగేది. మీ కాళ్ళకి కనబడని అడ్డు కూడా తెలుసు. ఇది వంకర కాదమ్మా. మాకు రెండేళ్ళుగా దొరకని విద్య." అని నడుము వంచి ఆమెకి నమస్కారం పెట్టాడు. ఆమె కూడా వంగింది. అంత పెద్దమనిషి తనకి వంగడం ఆమె ఎరగదు.

"ఉంచేద్దాం," అన్నాడు ఆయన కుర్రాళ్ళవైపు తిరిగి. "దేశంలో ఏ ఇంటికి వెళ్ళినా ఇలాగే నడుస్తుంది. ఇక ఏ ముసలాయనా కాళ్ళు ముడుచుకోవాల్సిన పనే ఉండదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మినాగావా కొట్టలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర హిసానో సంగతంతా చెప్పింది. దాచకుండా చెప్పింది, కాళ్ళ సంగతితో సహా. చెప్పి, ఆయన ముఖం చూసింది. ఏం వస్తుందోనని నిజంగానే ఎదురుచూసింది. యోషిహారు నమలడం ఆపాడు. బల్ల కింద తన కాళ్ళున్న వైపు చూశాడు. ఆయన ముఖం వెలిగింది.

"అంటే దానికి నడక నేర్పింది నేనన్నమాట."

"మీరా?"

"మరి? నేను కాళ్ళు చాపకపోతే నువ్వు అలా తిరిగేదానివా? సగం నాది." చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి స్నేహితుడు ఓకుబోకి ఫోన్ చేశాడు. "ఒరే, యూనివర్సిటీవాళ్ళు నా కాళ్ళమీద పరిశోధన చేస్తున్నార్రా. లేదురా, నిజం. నీ కాళ్ళెవరు చూస్తారు?"

ఆయన సంతోషంగా నవ్వుతున్నాడు. హిసానో గిన్నెలు తీసి కడిగింది.

శుక్రవారం పొద్దున్నే మినాగావాను అడిగింది. "నేను చెరిపెయ్యమంటే చెరుపుతారా?"

"చెరపాలి. ఎవరి నడక వాళ్ళది. ఎప్పుడు వద్దన్నా కాదనకూడదని నియమం. దానికో కాగితం ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు." కాగితం కోసం లేస్తూ, "నిన్నటిదాకా అది ఉండాలనే కదా మీరు కారణం వెతికింది," అంది.

"నిన్నటిదాకా అది వంకరనుకున్నారు. ఇప్పుడు విద్య అంటున్నారు. వంకర అన్నప్పుడే నయం."

మినాగావా కాగితం తెచ్చింది. హిసానో పేరు రాసి ముద్ర వేసింది. కారణం అన్న గడి ఖాళీగా వదిలేసింది. ప్రొఫెసరు పరుగున వచ్చాడు. బతిమాలాడు. ముసలివాళ్ళ ఎముకలన్నాడు. ఆమె విన్నది. ఎముకల సంగతి ఆమెకి తెలుసు.

"బొంత కింద కాళ్ళున్నాయో లేదో ముందు అడగడం నేర్పండి దానికి," అంది. "ముడుచుకోండని అడిగాక నడవమనండి. అది నాకు రాదు. రాకనే తిరిగాను."

మధ్యాహ్నానికి ఎర్రగీత తెర మీద లేదు.

సాయంత్రం ఆమె చారు గిన్నె పట్టుకుని గదిలోకి వచ్చింది. యోషిహారు ఎప్పటిలాగే కాళ్ళు చాపుకుని ఉన్నాడు. "ఓకుబో నమ్మట్లేదు. ఎల్లుండి వాణ్ణి తీసుకెళ్ళి ఆ బొమ్మని చూపిస్తాను," అన్నాడు.

"చూడ్డానికేం లేదు. చెరిపించేశాను."

ఆయన లేచి కూర్చోబోయి కూర్చోలేదు. "ఎందుకు? మంచి పేరు వచ్చేది కదా."

ఆమె ఆయన కాళ్ళ ముందు నిలబడింది. చుట్టూ వెళ్ళలేదు. కాళ్ళు తీయమని అడగనూ లేదు. గిన్నె బరువుగా ఉంది, చేతులు కాలుతున్నాయి. అలాగే నిలబడి, ఏం జరుగుతుందోనని చూసింది. ఆయన టీవీ చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ టీవీ చూశాడు. చాలాసేపటికి ఒక కాలు ముడుచుకున్నాడు. ఆ తర్వాత రెండోది.

"ఎందుకు చెరిపించావో చెప్పవేం?"

"చెప్పను," అంది హిసానో. "ఇవాళే కాదు. ఈ సంగతి ఇక ఎప్పుడూ మాట్లాడను. మీరూ అడక్కండి."

ఆయన తర్వాత రెండు మూడుసార్లు అడిగాడు. ఆమె చెప్పలేదు.