మడత విప్పని తువ్వాలు

"ఆ సంచీ కంపు కొడుతోంది అమ్మాయ్, కాస్త దాని సంగతి చూడు" అన్నారు అత్తగారు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. ఎడమ కంటి మీద ఇంకా కట్టు ఉంది. ఆమె మాటలో కాఠిన్యమేమీ లేదు. కిటికీలోంచి జల్లు కొడుతోంది చూడమన్నంత మామూలుగా అన్నారు. నా బాక్సింగ్ పోటీ నాడు మావారు తెచ్చి స్నానాలగది తలుపు పక్కన పడేసిన సంచీ అది. నాకు ఆపరేషను జరిగి, కోలుకుని, ఇల్లు చేరేదాకా అక్కడే ఉండిపోయింది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకుని దాన్ని దాటుకుంటూ స్నానానికి వెళ్లారు. దాన్ని తెరవవలసిన చేతులు ఆసుపత్రిలో ఉన్నాయి కనుక ఎవరూ తెరవలేదు.

తల వంచకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని సంచీని ఒళ్లోకి లాక్కున్నాను. చెమటకు తడిసి అట్టకట్టిన చేతిపట్టీలు, గ్లవ్స్, నెత్తుటి మరకలు గోధుమరంగుకు తిరిగిన చిన్న తువ్వాళ్లు, సగం తాగిన నీళ్ల సీసా. అన్నిటికన్నా అడుగున తెల్లటి పెద్ద తువ్వాలు. దాని మీద మరక లేదు. నిలువునా మూడు మడతలు, అడ్డంగా ఒకటి, అంచు లోపలికి. ఆ మడత నాది. అంచు బయటికి కనిపిస్తే అత్తగారికి గిట్టదని పెళ్లయిన కొత్తలో నేను నేర్చుకున్నాను; ఆ తరువాత నాతో పని లేకుండా చేతులే మడుస్తూ వచ్చాయి. పోటీకి బయలుదేరే ముందు దాన్ని నేనే మడిచి, తీసుకోవడానికి వీలుగా అన్నిటికన్నా పైన పెట్టాను. వస్తువులు తీస్తూ పెడుతూ ఉంటే అది అడుక్కి జారినట్టుంది. మడత మాత్రం ఎవరూ విప్పలేదు.

అది చెమట తుడుచుకునే తువ్వాలు కాదు. రింగు మూలన నిలబడే కోచ్ భుజం మీద ఉండవలసింది. బాక్సర్ ఇక దెబ్బలకు తట్టుకోలేదని తోచిన క్షణాన అతను దాన్ని రింగులోకి విసరాలి. విసిరితే పోటీ ఆగిపోతుంది. బాక్సర్ తన నోటితో "చాలు" అనదు. చాలనడం మరిచిపోవడమే ఆమెకు ఏళ్ల తరబడి నేర్పిన విద్య. అందుకే ఆ ఒక్క మాటను మరొకరి భుజం మీద ఉంచుతారు. నా కోచ్ నా భర్తే.

ఆ రోజు ఐదో రౌండు ముగిసి స్టూలు మీద కూలబడినప్పుడు, ఎడమ కంటి ముందు నల్లటి తెర దిగుతోందని ఆయనతో చెప్పాను. నా నోట్లో నీళ్లు పోస్తూ, కుడి కన్ను ఉందిగా, మనం గెలుస్తున్నాం అన్నారు. రిఫరీ దగ్గరికి వచ్చి ఎలా ఉందని నన్ను అడిగితే, బాగానే ఉందని ఆయన చెప్పారు. తరువాతి రౌండులో నాకు ఎదురుగా ఉన్న అమ్మాయి సగమే కనిపించింది. కనిపించని సగం నుంచి దెబ్బలు వచ్చాయి.

పెళ్లికి ముందు ఆయనను సార్ అనేదాన్ని, తరువాత మీరు అంటున్నాను. "మనం" అన్నది మాత్రం మొదటినుంచీ ఆయన మాటే. మన భాషలో ఆ మాటకు ఒక ఔదార్యం ఉంది. వింటున్న మనిషిని కూడా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళుతుంది. చాలాకాలం నేను ఆ మాట నీడలో హాయిగానే బతికాను. మనం గెలిచాం అనేవారు. మనం బరువు తగ్గాలి అని కడుపారా భోంచేస్తూ అనేవారు. మనం జిమ్ము తుడిచి పెట్టుకోవాలి అని చీపురు నా వైపు జరిపేవారు. ఆసుపత్రిలో, కట్టు వెనకాల చీకట్లో పడుకుని ఉండగా, పలకరించడానికి వచ్చిన వారితో ఆయన గొంతు విన్నాను: "ఏం చేస్తాం, ఓడిపోయింది." ఆ "మనం"లోంచి ఆయన ఎప్పుడు లేచి బయటికి నడిచారో, అలికిడి కూడా కాలేదు.

ఇంటికి వచ్చాక ప్రతి భోజనం దగ్గరా నా భవిష్యత్తు మీద చర్చ సాగింది. వడ్డించేది నేనే కనుక అంతా విన్నాను. ఆ అమ్మాయితోనే మళ్లీ పోటీ పెడతానని నిర్వాహకుడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడట. ఒంటికన్నుతో చివరిదాకా నిలబడ్డ మనిషిని చూడడానికి జనం ఈసారి రెట్టింపు వస్తారట. ఆరు నెలల్లో మనం మళ్లీ రింగులో ఉంటాం అని మావారు లెక్క తేల్చేశారు. ఉన్న ఒక్క కన్నూ పోగొట్టుకుని ఎవరిని ఉద్ధరించాలి, ఇంటిపట్టున ఉండి ఒక బిడ్డను కంటే చాలదా అని అత్తగారు. అన్నయ్యా, ఇక నువ్వు ఎంత ఆలస్యంగా వచ్చినా భయం లేదు, వదిన గురి తప్పుతుంది అని మరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే కంటి దగ్గర కుట్లు లాగుతాయి.

ఆ రోజుల్లోనే ఒక సంగతి గమనించాను. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక మాట ఉంది. కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటారు. ఆ క్షణమే నా గరిటె ఆగిపోతుంది. ఒక్క మెతుకు ఎక్కువ పడనివ్వను. నేను మాత్రం అందరూ లేచాక, గిన్నెల్లో ఏం మిగిలితే అది, ఎంత మిగిలితే అంత తింటాను. నా కంచం మీద ఎవరూ గరిటె పట్టుకుని వంగలేదు కనుక, చాలనవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు. మా కోడలికి ఓపిక జాస్తి అని అత్తగారు చుట్టాలతో అనేవారు. ఏం ఓపికండీ ఆమెది అని పోటీల్లో మైకు పట్టుకున్నవాడు అనేవాడు. రెండు చోట్లా అది పొగడ్తే అనుకుని పొంగిపోయాను. నా ఎడమ కన్ను బాగా దెబ్బతిన్నది ఆరో రౌండులోనే అని డాక్టరు రాశాడు. అంతకు చాలా ముందు, ఈ వంటింట్లోనే ఆ రౌండుకు తయారయ్యానని ఆయనకు తెలిసే వీలు లేదు.

ఒకనాడు కూరలు తరుగుతుంటే అత్తగారు నా పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా, నీ పోటీ మధ్యలోనే టీవీ కట్టేశానమ్మాయ్ అన్నారు. ఒక వంకాయ అందుకుని తొడిమ తుంచుతూ, "వాడు ఆపుతాడనుకున్నా" అన్నారు. అంతే. లేచి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మావారు జిమ్ముకు వెళుతూ బూట్ల లేసులు బిగించుకుంటూ ఉంటే, ఉతకకుండా దాచిన తువ్వాలు తెచ్చి పక్కన పెట్టాను.

"ఇది బయటికే తియ్యలేదు మీరు."

ఆయన దాన్ని చూశారు. బుకాయించలేదు. అది నేను ఎదురుచూడనిది.

"చేతిలో ఉంటే విసరాలనిపిస్తుంది. అందుకే తియ్యలేదు" అన్నారు. తరువాత నచ్చజెపుతున్నట్టుగా, "మనం వెనక్కి తగ్గే రకం కాదు కదా" అన్నారు.

విసరాలనిపిస్తుందని ఆయనకు ముందే తెలుసు. నేను దెబ్బలు తింటానని తెలిసే, తన మనసు మెత్తబడకుండా జాగ్రత్త తీసుకున్నారు. ఆ తువ్వాలు సంగతి మరిచిపోయానని ఆయన అబద్ధమాడి ఉంటే, బహుశా జీవితాంతం నమ్మి ఉండేదాన్ని.

మరుసటి వారం కంటి పరీక్షకు ఒక్కదాన్నే వెళ్లాను. డాక్టరు నా వెనక తలుపు వైపు చూసి, మీవారు రాలేదా, ఆయనతో మాట్లాడాలే అన్నాడు. కన్ను నాది, నాతోనే మాట్లాడండి అన్నాను. ఆయన కాస్త ఇబ్బందిపడి, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. అన్నిసార్లు ఆ గదికి వచ్చినా, ఆయన ముఖం నేను నేరుగా చూడడం అదే మొదలు.

కంటి లోపలి పొర అతుక్కుందని, చూపు కొంత వచ్చిందని, ఇంకొంచెం రావచ్చని చెప్పాడు. మళ్లీ రింగులోకి దిగినప్పుడు అటువంటి దెబ్బ ఒక్కటి పడితే ఆ కన్ను దక్కదన్నాడు. పడకపోవచ్చు కూడా.

"దిగకూడదని నేను రాసిస్తాను. ఇంట్లో చూపించండి. రాసివ్వమంటారా?"

ఎంత దయగల మాట. ఆ కాగితం ఉంటే ఎవరితోనూ వాదించనక్కరలేదు. కానీ అది కూడా మరొకరు విసిరే తువ్వాలే అనిపించింది. వద్దండీ అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అందరూ భోజనాల బల్ల చుట్టూ ఉన్నారు. ఖాళీ కంచాలు, నా రాక కోసం మూతలు తీయని గిన్నెలు. మావారు ఫోనులో నిర్వాహకుడితో, మనకు అభ్యంతరం లేదు, తారీఖు చెప్పండి అంటున్నారు. చెయ్యి చాపాను. అలవాటు లేని పని కావడం వల్లనేమో, ఆయన ఏమీ ఆలోచించకుండా ఫోను ఇచ్చేశారు.

"ఎవరూ?" అన్నాడు అవతలి మనిషి. ఇన్నేళ్లుగా నా పోటీలు జరిపించినవాడు నా గొంతు గుర్తుపట్టలేదు.

"బాక్సర్ని."

"ఒకసారి కోచ్‌గారికి ఇవ్వమ్మా, పని మాట."

"ఆయన ఆడరండీ. ఆడేది నేను. ఇక ఆడను. నాకు చాలు."

ఫోను బల్ల మీద పెట్టాను. రేపటి నుంచి ఏం చేస్తానో తెలియదు. జిమ్ములో పిల్లలకు నేర్పుతానేమో, మరేదైనా చేస్తానేమో. ఆ తెలియకపోవడం కూడా నాదే. మనం మాట్లాడుకోకుండా ఇలా ఎలా, అని ఆయన ఏదో మొదలుపెట్టారు. అత్తగారు నా ముఖంలోకి చూస్తూ, గరిటె నా వైపు జరపబోయి మధ్యలో ఆగారు.

ఆ సాయంత్రం నుంచి కుర్చీ మీద అలాగే ఉండిపోయిన తెల్ల తువ్వాలు తీసుకుని మడత విప్పాను. చేతులు తుడుచుకున్నాను. అలమరలోంచి ఒక కంచం తెచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని, వాళ్ల మధ్య కూర్చున్నాను.

"ఎవరైనా వడ్డించండి" అన్నాను. "ఎప్పుడు చాలో నేను చెప్తాను."