సుధేష్ణ చెప్పిన ఆల్బమ్

లాక్‌డౌన్‌కి బళ్లు మూసేశారు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్లిపోతే, విదేశంలో, లూకన్ అనే ఊళ్లోని ఇంట్లో లోహిత ఒక్కతే లాప్‌టాప్ ముందు కూర్చుని క్లాసులు వినేది. బాపట్ల దగ్గరి పల్లెటూరి బడి నుంచి వచ్చి ఏడాదైనా కాలేదు. క్లాసులో నోరు విప్పాలంటే ఒళ్లంతా చెమటలే. ఈ దేశంలో ఆమెకున్న నేస్తం సుధేష్ణ ఒక్కతే.

మ్యూజిక్ టీచర్, తమకు నచ్చిన ఆల్బమ్ గురించి ఒక్కొక్కరూ మాట్లాడాలంది.

"నాకేం తెలుసే? నువ్వేం చెప్తున్నావ్?" అని లోహిత ఫోన్లో అడిగింది.

సుధేష్ణ తను చెప్పబోయేదంతా వాయిస్ మెసేజ్‌లో పెట్టింది. అమెరికా దక్షిణాదిలో ఒకే వీధిలో పెరిగిన నలుగురు కుర్రాళ్ల హిప్‌హాప్ గ్రూప్ అది. ఒక్కటంటే ఒక్కటే స్టూడియో ఆల్బమ్ చేసి విడిపోయారు. చివరి పాటలో వాళ్లలో ఒకడి అమ్మమ్మ ఇంటి అరుగు గురించి పాడతారు. ఇండియాలో సుధేష్ణ తాతయ్య పోయినప్పుడు విమానాల్లేక, దహనం ఫోన్లో చూశాక, వాళ్ల నాన్న కారులో కూర్చుని ఆ పాటే మళ్లీ మళ్లీ పెట్టుకున్నాడట.

పల్లెటూరి బడిలో, బాగా రాసినవాళ్ల జవాబును సారు అందరిచేతా బట్టీ పట్టించేవారు. అలా ఎంపికైన పిల్లకు అదో గొప్ప. లోహిత కూడా మెసేజ్‌ని పదేపదే విని, ఇంగ్లీషులోకి మార్చుకుని, పొల్లుపోకుండా బట్టీ కొట్టింది.

పేర్ల వరసలో ఆమే ముందొచ్చింది. కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పేసింది. తాతయ్యను కూడా వదల్లేదు.

తెరంతా హృదయం బొమ్మలు. టీచర్ కళ్లు తుడుచుకుంది. "లోహితా, మీ తాతగారి గురించి వింటే చాలా బాధేసింది."

అప్పుడు తెలిసింది లోహితకు, తానేం చేసిందో.

సుధేష్ణ వంతు వచ్చింది. "నా దగ్గర చెప్పడానికేం లేదు మిస్," అంది.

క్లాసు అయిపోగానే లోహిత ఫోన్ చేసింది. "సుధా..."

"మీ తాతయ్య గ్రాండేనా?" బాగున్నాడా అని ఇక్కడివాళ్ల మాటలో అడిగింది సుధేష్ణ.

"ఆ... బాగానే ఉన్నాడు."

"గుడ్. అసలు ఆ పాటైనా విన్నావా?"

"లేదే."

ఫోన్ కట్ అయింది.

ఆ సాయంత్రం లోహిత ఆల్బమ్ వెతికి చివరి పాట పెట్టింది. సగం మాటలు అర్థం కాలేదు. మధ్యలో ఎవరో ముసలావిడ గొంతు వాళ్లని అన్నానికి పిలిచింది. వింటూ లోహిత మొహం కప్పుకుంది.

తర్వాతి మ్యూజిక్ క్లాసులో ఎవరూ అడక్కుండానే మైక్ ఆన్ చేసింది.

"మిస్, మా తాతయ్య బతికే ఉన్నారు. పోయింది సుధేష్ణ వాళ్ల తాతయ్య. ఆ మాటలన్నీ తనవే."

సుధేష్ణ కెమెరా ఆపేసింది. నల్లటి గడిలో పేరు మాత్రం మిగిలింది.

అప్పుడే డ్యూటీ దిగొచ్చిన అమ్మ మాస్కు తీస్తూ గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంటే నువ్వంటున్నది? మా నాన్న చనిపోయాడని ఎవరికి చెప్పావే?"