గడియ పడ్డాక

మా ఆయనకున్న జబ్బు ఒక్కటే. ప్రెసిడెంటు టీవీలో దేశానికంతటికీ చెప్పే మాట నెబ్రాస్కాలో ఉన్న తనకొక్కడికే చెప్పాడనుకుంటాడు. చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని ప్రసంగించిన రోజున వెర్లిన్ నిచ్చెన వేసుకుని ఇంటికప్పు ఎక్కి, పొగగొట్టం పక్కన చాలాసేపు కూర్చుని దిగాడు.

"మన పన్నులతోనే కదా పోతున్నారు, దూరమెంతో చూద్దామని," అన్నాడు.

మా అత్తగారు హెడ్విగ్, అల్లుతున్న మేజోడు మీంచి తల ఎత్తకుండానే, "కొలిచావా నాయనా?" అంది.

చంద్రుడితో పోయుంటే బాగుండేది. కిందటి వేసవిలో ప్రెసిడెంటు రష్యావాళ్ల గురించి మాట్లాడుతూ, బాంబులు పడితే తలదాచుకునే చోటు సిద్ధం చేసుకోవాలన్నాడు. వారం తిరిగేసరికి నా టమాటా మడి మాయమైంది. అక్కడ నేలలో కాంక్రీటు గది, దిగడానికి మెట్లు, ఇనప తలుపు. లోపల నీళ్ల డబ్బాలు, బీన్సు డబ్బాలు, బ్యాటరీ రేడియో, చచ్చినా పడుకోనని అత్తగారు ఒట్టేసిన మడత మంచం. తలుపు పక్కన మేకుకి వేట తుపాకి. అదెందుకని అడిగాను.

"లోపలి గాలి మన ముగ్గురికే సరిపోతుంది ఆర్డిస్. ఒకసారి గడియ పడ్డాక ఎవరొచ్చి కొట్టినా తియ్యకూడదు."

"రోసెల్లా వచ్చినా?"

"ఎవరొచ్చినా."

రోసెల్లా మా పక్కింటావిడ. ఇద్దరు చిన్నపిల్లలు. మొగుడు రైల్వేలో పని. ఇంట్లో కన్నా బండిలోనే ఎక్కువ ఉంటాడు. నాకు కామెర్లొచ్చి మంచాన పడితే, నేను లేచేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆవిడే. వెర్లిన్ ఈ గడియ సంగతి కంచె మీంచి ఆవిడకి కూడా చెప్పేశాడు. దాపరికం ఉండకూడదట. ఆవిడ బట్టలు ఆరేస్తూ, "ముందే చెప్పావు, మంచిది," అంది. ఆ రోజు మళ్లీ మా పెరడు వైపు చూడలేదు.

అక్టోబరులో ఒక సోమవారం సాయంత్రం ప్రెసిడెంటు మళ్లీ మాట్లాడాడు. మన పక్కనే ఉన్న క్యూబాలో రష్యావాళ్ల క్షిపణులున్నాయన్నాడు. ఎప్పుడూ ప్రసంగం అయ్యాక దాన్ని మళ్లీ నాకు వినిపించే మనిషి, ఈసారి టీవీ కట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు భయమేసింది అక్కడే.

ఆ వారం కొట్లో పాలపొడి దొరకలేదు. వైమానిక స్థావరం నుంచి విమానాలు లేస్తుంటే అలమారలో కప్పులు గలగలమనేవి. ఈ గిన్నెలు తోమి ఎవరికి, అనిపించేది. తోమేదాన్ని.

శనివారం మధ్యాహ్నం బంగాళదుంపలు చెక్కు తీస్తుంటే సైరన్ మోగింది. పైకి లేచి, కిందికి పడి, మళ్లీ లేస్తూ. వెర్లిన్ నా మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగాడు.

"అత్తయ్యేది?"

"గదిలో లేదు, ముందే దిగుంటుంది. పద!"

దిగాం. గడియ పడింది. దీపం వెలిగించాడు. మడత మంచం ఖాళీగా ఉంది.

వెర్లిన్ ఆ మంచం వైపే చూస్తూ నిలబడిపోయాడు. నా గుప్పిట్లో ఇంకా చెక్కు తీసిన దుంప ఉంది. అప్పుడు తలుపు మీద దబదబా బాదుడు.

"ఆర్డిస్! ఆర్డిస్, తియ్యి!"

వెర్లిన్ మేకు మీంచి తుపాకి తీశాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో మర్చిపోయినవాడిలా గుండెలకి అదుముకున్నాడు.

"వెర్లిన్, అది రోసెల్లా."

"తెలుసు."

ఆ "తెలుసు" విన్నాక నాకు బాంబుల భయం పోయింది. ఈ మనిషితోనే బతికి బయటపడాల్సొస్తుందేమోనని భయమేసింది.

బయట పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. "ఆర్డిస్, మీ అత్తగారు నా దగ్గరే ఉంది! ఆవిణ్ణి తీసుకోండి. పిల్లల్ని తీసుకోండి. గాలి చాలకపోతే నేను బయటే ఉంటాను!"

నేను గడియ లాగాను. వెర్లిన్ ఆపలేదు.

ముందు పిల్లల్ని లోపలికి లాక్కున్నాను. తర్వాత అత్తగారు, తల నిండా జుట్టు ఉంగరాలు తిప్పే రోలర్లతో. ఆదివారం చర్చికి జుట్టు ముస్తాబు చేయించుకోడానికి రోసెల్లా ఇంటికి వెళ్లిందట. రోసెల్లా మెట్ల మీదే నిలబడిపోతే చెయ్యి పట్టి లాగి మళ్లీ గడియ వేశాను. అంతమందిమి ఒకరి ఊపిరి ఒకరం పీలుస్తూ కూర్చున్నాం.

"ఇది ఎక్కడో నిప్పంటుకుంటే మోగించే సైరన్‌రా," అంది అత్తగారు, ఆయాసం తీరాక. "దార్లో చెబుతూనే ఉన్నా, ఒక్కరు వింటేగా!"

"ప్రభుత్వం పంచిన కాయితంలో ఊగే మోత అంటే దాడేనమ్మా."

"ఆ కాయితం వాషింగ్టన్‌లో రాశారు. మన సైరన్ నువ్వు పుట్టకముందు నుంచీ మంటలకి అలాగే ఊగుతోంది."

నేను రేడియో తిప్పాను. ఆ కాయితం ప్రకారం దాడే అయితే మామూలు స్టేషన్లన్నీ మూగబోవాలి. ఫుట్‌బాల్ ఆట వస్తోంది. మనవాళ్లు బంతి జారవిడిచారని వ్యాఖ్యాత గగ్గోలు పెడుతున్నాడు. ప్రపంచం మునిగిపోతుంటే నెబ్రాస్కాలో బంతి గురించి ఎవరూ అంత బాధపడరు.

పైకి వచ్చాం. ధాన్యం గోదాం వెనక ఎవరిదో గడ్డివామి తగలబడుతోంది. ఎవరికీ నవ్వు రాలేదు. రోసెల్లా చిన్నదాన్ని చంకనేసుకుంది. వెర్లిన్ వైపు చూడకుండా, పెద్దవాడి చెయ్యి పట్టుకుని కంచె వైపు నడిచింది.

"ఆగమ్మా," అంది అత్తగారు. కొడుకు వైపు తిరిగింది. "ప్రెసిడెంటు మాటలన్నీ నీకు కంఠతా వచ్చుగా. రోసెల్లాని బయట నిలబెట్టమని ఏ ప్రసంగంలో చెప్పాడో చెప్పు, వింటాను."

వెర్లిన్ నోరు తెరిచాడు. తలలో ప్రసంగాలన్నీ వెతికినట్టున్నాడు.

"ఎక్కడా చెప్పలేదు," అన్నాడు చివరికి. "అది నేను కలుపుకున్నది. రోసెల్లా, నువ్వని తెలిసీ తియ్యలేదు. తప్పు నాదే."