రాకపోతే పది

మా తమ్ముడు డువేన్‌కి రూల్స్ అంటే పిచ్చి. మా ఫుట్‌బాల్ లీగుకి వాడే కమిషనర్, అంటే రూల్స్ రాసేవాడు. లీగంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. పది మందిమి, పది జట్లు, అన్నీ ఫోన్లలోనే. ఆగస్టులో మాలో ఒకడైన గిల్ గరాజులో కూర్చుని దేశంలో ఉన్న నిజం ఆటగాళ్ళని మాలో మేం పంచుకుంటాం. ఆదివారాలు వాళ్ళు ఎక్కడెక్కడో పరుగెత్తి ఒళ్ళు విరగ్గొట్టుకుంటారు. ఆ పాయింట్లు మా ఊరు షెబాయ్‌గన్‌లో సోఫాల మీద పడి బీరు తాగే మాకొస్తాయి. వారానికొకరితో పోటీ, ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు.

ఈ ఏడు డువేన్ కొత్త రూలు తెచ్చాడు. దాని పేరు సొంత మైదానం. ఎవరి ఇంట ఆట అయితే వాళ్ళకి ఐదు పాయింట్లు అదనం. ఎదుటివాళ్ళు ఆ ఇంటికే వచ్చి ఆట చూడాలి, కనీసం ఆఖరి విజిల్ లోపు గడప దాటి లోపలికి రావాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బంతీ గడ్డీ లేని జట్లకి సొంత మైదానమేమిటని నేను అడగలేదు. ఎందుకంటే ఆ రూలు ఎవరి కోసమో నాకు తెలుసు.

జోలీన్ కోసం. ఇరవై ఏళ్ళు కాపురం చేసి, మొన్న వసంతంలో మా వాడికి విడాకులిచ్చింది. ఇల్లు ఆవిడకి ఉండిపోయింది. వీడు మందుల షాపు మీద రెండు గదుల్లోకి చేరాడు. అయితే లీగులో తన జట్టుని మాత్రం ఆవిడ వదల్లేదు. వదిలే అవసరమేముంది, మా అందరికన్నా బాగా ఆడేది ఆవిడే.

"ఏదో ఒక వారం తను నా ఇంటికి రావాల్సిందే కదక్కా" అన్నాడు, గరాజులో కలిసేదానికి ముందురోజు. "వస్తే కళ్ళతో చూస్తుంది. గిన్నెలు కడుక్కుంటున్నానని, కిటికీలకి తెరలు కట్టానని."

"తెరలు చూసి కాపురానికొస్తుందా వెర్రి నాగన్నా?"

"రావాలని కాదు. ఊరికే, చూస్తుందని."

నాకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. వీడి విషయంలో నాకెప్పుడూ అంతే.

మర్నాడు గరాజులో ఆ రూలుకి సరేనని అందరం చేతులెత్తబోతుంటే, జోలీన్ దాన్ని రెండోసారి చదివి, "రాకపోతే?" అని అడిగింది.

ఆ సంగతి మా కమిషనర్ గారు ఆలోచించలేదు. మొహం ఎర్రబడింది. "రాకపోతే... రాకపోతే ఇంటివాళ్ళకి ఐదు కాదు, పది!" అనేశాడు.

"పదా?" అని గిల్ పగలబడి నవ్వాడు. వాడికి పెట్రోలు బంకుంది, నోటికి మాత్రం మూత లేదు. "పది పాయింట్లు ఏ మొనగాడు వదులుకుంటాడయ్యా? పదికైతే నేను మా అత్తగారింటికి కూడా వెళ్ళి వారం రోజులుంటా."

అందరూ నవ్వారు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది జోలీన్.

అక్టోబరులో వీళ్ళిద్దరి పోటీ పడింది, అదీ ఆవిడ ఇంట్లో. మా వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన చేత్తో రంగేసిన తలుపే తట్టి లోపలికెళ్ళాడు. సాయంత్రం నాకు ఫోను.

"కాఫీ ఇచ్చిందక్కా! పంచదార ఎంతో అడగలేదు. గుర్తుంది!"

"ఇరవై ఏళ్ళు రోజూ ఇచ్చిందిరా. ఒక్కరోజైనా ఇంత సంబరపడ్డావా?"

వాడు మెల్లిగా, "ఫైనల్ మాత్రం ఎక్కువ ఆటలు గెలిచినవాళ్ళ ఇంట్లోనే కదా" అన్నాడు.

ఇక అక్కణ్ణించి మా తమ్ముడికి పూనకమొచ్చింది. ఎప్పుడూ ఏడో స్థానమో ఎనిమిదో స్థానమో దాటని మనిషి వరసగా గెలవడం మొదలుపెట్టాడు. ఏ ఆటగాడికి మోకాలు నొప్పో, ఏ ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో, అంతా వాడి నోట్లోనే. కాపురం చేసేటప్పుడు అందులో పదో వంతు శ్రద్ధ పెట్టి ఉంటే విడాకుల లాయరుకి పని పడేది కాదు. మొత్తానికి డిసెంబరు చివర ఫైనల్‌కి మిగిలింది డువేన్, జోలీన్. ఎక్కువ ఆటలు గెలిచింది డువేన్. కాబట్టి మైదానం మందుల షాపు మీద.

ఆ ఆదివారం లీగంతా ఆ రెండు గదుల్లోనే ఉంది. కొత్త సోఫా కొన్నాడు. దాన్ని మెట్ల మీదుగా మోసింది నేనూ గిల్లూ. జోలీన్‌కి ఇష్టమని బీరు పోసి చీజు సూపు చేశాడు. టీవీకి ఎదురుగా మంచి చోటు ఖాళీగా ఉంచాడు. గిల్ అందులో కూలబడితే లేపాడు.

"ఓహో, మహారాణి గారికా?" అన్నాడు గిల్.

"ఎదుటి జట్టుకి. మర్యాద."

మధ్యాహ్నం ఆటలయ్యాయి, రాలేదు. సూపు రెండుసార్లు వేడి చేశాడు. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా వాడి మెడ తలుపువైపు తిరిగేది. వచ్చేది ఐసు కోసం వెళ్ళినవాళ్ళే.

ఆఖరి ఆట ఆఖరి భాగానికి వచ్చేసరికి లెక్క తేలిపోయింది. ఇద్దరి ఆటగాళ్ళూ బెంచీ ఎక్కేశారు, ఇక మారేదేమీ లేదు. జోలీన్ ఎనిమిది పాయింట్లు పైన ఉంది. వస్తే డువేన్‌కి ఐదు, కప్పు ఆవిడది. రాకపోతే పది, కప్పు వీడిది.

"రాకూడదు దేవుడా, రాకూడదు!" అని గిల్ గట్టిగా మొక్కుకున్నాడు.

"నోరు ముయ్యరా" అన్నాడు డువేన్. వాడు నవ్వులాటకి అనలేదు. అక్కడున్న అందరికీ అర్థమైంది, గెలిచే మనిషి ఓటమి కోసం తలుపు వైపు చూస్తున్నాడని.

నేను వంటగట్టు దగ్గరికెళ్ళి జోలీన్‌కి ఫోన్ చేశాను.

"చెప్పండి వదినా." విడాకులు తమ్ముడికే ఇచ్చింది, నాకివ్వలేదు.

"లెక్క చూశావా?"

"చూస్తూనే ఉన్నా. ఎనిమిది."

"మరింకేం? కోటు తగిలించుకుని రా. పది నిమిషాల దారి. గడపలో ఒక్క కాలు పెట్టు, కప్పు పుచ్చుకో, పో. వాడితో మాట్లాడక్కర్లేదు."

"కాలు పెడితే సూపు తాగి వెళ్ళమంటారు. సూపయ్యాక తెరలు చూపిస్తారు. మీ తమ్ముడి సంగతి మీకు తెలీదా?"

"కప్పు పోతుందే పిల్లా!"

"పోనివ్వండి. పది పాయింట్లకి ఆదివారం ప్రశాంతంగా గడిచిందంటే చవకే కదా వదినా. ఆ రేటు పెట్టింది కూడా ఆయనే."

"ఇంకా అంత కోపమా వాడి మీద?"

అవతల టీవీ చప్పుడు తగ్గించింది.

"లేదు వదినా" అంది మెత్తగా. "కోపముంటే వచ్చేదాన్ని."

తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి తిట్టేదాన్ని.

లోపల విజిల్ వినబడింది, ఇల్లు అరుపులతో నిండిపోయింది. నేను వెళ్ళేసరికి డువేన్‌ని గిల్ భుజాల మీదికి ఎత్తబోయి ఎత్తలేక అవస్థ పడుతున్నాడు. ఎవరో కప్పు తెచ్చి వాడి చేతిలో పెట్టారు. దాన్ని పట్టుకుని వాడు నావైపే చూస్తున్నాడు.

"ఏమందక్కా?"

"రోడ్డు మీద మంచు గడ్డకట్టిందట. కారు తియ్యలేనంది."

అందరూ కిటికీలోంచి చూశారు. రోడ్డు పొడిగా, శుభ్రంగా ఉంది. గిల్ నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాడు.

"అవును" అన్నాడు డువేన్. "స్కూలు మలుపు దగ్గర ఎప్పుడూ అంతే. రాకపోవడమే మంచిదైంది."

తర్వాత వాళ్ళంతా సూపు మీద పడ్డారు. వాడు మాత్రం ఆ ఖాళీ చోటు పక్కన కూర్చుని, చొక్కా అంచుతో కప్పు తుడుస్తూ, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు:

"పది సరిపోలేదక్కా. వచ్చే ఏడు ఇరవై పెడదాం."